వినకూడని మాటలు

గుడియాత్తం, ఆదివారం రాత్రి

సాయంత్రం వేలూరు నుంచి జయరామ్ వచ్చాడు, మా ఆయన్ను మళ్లీ ఫ్రీమేసన్ లాడ్జికి, అదే వాళ్లిద్దరూ సభ్యులుగా ఉన్న రహస్య సంఘానికి, పిలవడానికి. కరోనా తర్వాత ఈయన అటు పోలేదు. అక్కడి సభలో వాళ్ల పూజా తంతు పాఠమంతా చూడకుండా అప్పజెప్పాలి. నలుగురిలో తడబడతానని ఈయనకు భయం.

"నువ్వు రాకుంటే విందులో నీ వడ కూడా నేనే తింటా ఉండానన్నా. మాట మరిచిపోతే పక్కనుంచి అందిస్తాను, రా" అన్నాడు జయరామ్.

"అందించేదేంది నాయనా? ఇంట్లోనే కంఠతా పట్టి రానీ" అన్నాను.

ఈయన నవ్వి, వచ్చే సభకు వస్తానన్నారు.

జయరామ్ వెళ్లాక గది తలుపు వేసుకుని వల్లెవేయడం మొదలుపెట్టారు. ఆ మాటలు బయటివాళ్లు వినకూడదు. పెళ్లయిన నాటి నుంచి ఆ విషయంలో నేనూ బయటిదాన్నే. ఒక్క ముక్క కూడా నా చెవిన పడనిచ్చిన మనిషి కాదు. అందుకే వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసుకున్నాను.

కాసేపటికి ఆయనే వంటింట్లోకి వచ్చారు. నా ఎదుట నిటారుగా నిలబడి, ఎక్కడా తడబడకుండా మొత్తం అప్పజెప్పారు. ఆపమని చేయెత్తినా ఆగలేదు.

"ఏమప్పా జయరామ్, సరిగ్గా ఉండాదా?" అన్నారు.

"సరిగ్గానే ఉండాది" అన్నాను.

నా గొంతు విన్నాక కూడా ఆయన ముఖం మారలేదు; ఎదుట ఉన్నది నేనని పోల్చుకోలేదు.