టీచర్ చేతులు

ఫిబ్రవరి 3

హెచ్.ఎం. పిలిచారు. ఇరవై ఒకటిన పేరెంట్స్ వస్తారట. పిల్లలు చేసిన రోబోలు తిరగాలట. ఒక్కటి ఆగినా వచ్చే టర్మ్ నుంచి ల్యాబ్ ఎవరో కంపెనీ వాళ్లకి ఇచ్చేస్తారట. వాళ్ల దగ్గర డిగ్రీ ఉన్న మనుషులున్నారట. నాకు లేదని అనలేదు. అనక్కర్లేదుగా.

ఒళ్లు మండింది. ల్యాబ్‌కి వచ్చి పదహారు బ్యాటరీలు చార్జింగ్‌కి పెట్టాను. కోపంలో నాకు పని బాగా సాగుతుంది.

ఫిబ్రవరి 5

నా క్లాసులో ఒకటే రూల్. పిల్లల బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు నేను చేతులు వెనక్కి కట్టుకోవాలి. అడగొచ్చు, వినొచ్చు, ముట్టుకోకూడదు. మర్చిపోతే ఏడో తరగతి మొత్తం, టీచర్ చేతులు, అని అరుస్తుంది.

ఇది ఏ పుస్తకంలోదీ కాదు. మావయ్య రిపేర్ షాపులో నాలుగేళ్లు ఉన్నాను. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు, ఇలా తే, నీ వల్ల అయ్యే పనా, అని లాక్కునేవాడు. ప్రేమతోనే. నాకొచ్చిన పనంతా ఆయన భోజనానికి వెళ్లిన గంటల్లో నేర్చుకున్నదే.

ఫిబ్రవరి 11

రోబో నేల మీద అంటించిన నల్ల టేపు వెంట పోవాలి. అడుగునున్న సెన్సర్ తెల్ల నేల మీద చిన్న అంకె, టేపు మీద పెద్ద అంకె చూపిస్తుంది. ఎంత దాటితే టేపు అనుకోవాలో ప్రోగ్రామ్‌లో మనం చెప్పాలి. ఆ అంకె నేను ఇవ్వను. కొలుచుకోవాలి.

జుట్టుముడిలో ఎప్పుడూ పెన్సిల్ దోపుకుని తిరిగే పిల్ల ఒకతి ఉంది. అందరూ పెన్సిల్ అనే పిలుస్తారు. మూడు రోజులుగా నేల మీద బోర్లా పడుకుని కొలుస్తోంది. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు అంకెలే. ఇవాళ 540 అని రాసి చుట్టూ గడి కట్టింది. రోబో తిరిగింది. పిల్ల గెంతలేదు. ఊఁ, అనుకున్నా, అందంతే. ఎంత పొగరో! భలే నచ్చింది నాకు.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:10

పిల్లలు అన్నాలకి వెళ్లారు. ఊరికే చూద్దామని పెన్సిల్ రోబోని ఇరవై ఒకటిన తిప్పబోయే హాల్లోకి పట్టుకెళ్లాను. పెద్ద కిటికీల్లోంచి ఎండ. ఎండ పడ్డచోట నల్ల టేపు మీద కూడా 310 దాటట్లేదు. రోబోకి టేపే కనపడలేదు. తిన్నగా పోయి గోడకి గుద్దుకుంది.

1:25

టీచర్ లాగిన్‌తో ప్రోగ్రామ్ తెరిచి 540 తీసేసి 250 కొట్టాను. చక్కగా తిరిగింది. తెచ్చి బల్ల మీద పెట్టేశాను.

ఒక్క అంకేగా.

ఫిబ్రవరి 20

పెన్సిల్ రాగానే ప్రోగ్రామ్ తెరిచింది. నా 540 ఏది, అంది. పక్కన కూర్చునే గుండుగాడి మీద పడింది. నువ్వేరా, నా పాస్‌వర్డ్ నీకే తెలుసు, నీది తిరగట్లేదని కుళ్లు నీకు, అంది. ఒట్టే, నేను కాదు, అన్నాడు వాడు. వెనక బెంచీ నుంచి దొంగ దొంగ అని మొదలెట్టారు. గుండు ఏడ్చేశాడు.

నేను అటెండెన్స్ రాస్తున్నాను. ఒకే పేరు రెండుసార్లు రాశాను. బెల్ కొట్టేదాకా నోరు తెరవలేదు.

అచ్చం మావయ్యలా తయారయ్యాను. ఆయన నయం. ఎదురుగా లాక్కునేవాడు.

ఫిబ్రవరి 21, ఉదయం 8:40

అందరి ముందూ చెప్పేశాను. గుండుకి సారీ చెప్పాను. పర్లేదు టీచర్, ఈ వారం హోంవర్క్ మాఫీయేగా, అన్నాడు వెధవ. పెన్సిల్ మాత్రం నవ్వలేదు. ఎండ సంగతి చెప్పాను. 250 ఉంచుకో, లేకపోతే ల్యాబ్ పోతుంది అన్నాను. ఉంచుకుంటే అది మీ రోబోనా, నా రోబోనా, అని అడిగింది. 540 మళ్లీ కొట్టింది.

సాయంత్రం 5:00

గుద్దుకుంది. అదే గోడకి. పేరెంట్స్‌లో ఎవరో కిసుక్కుమన్నారు. హెచ్.ఎం. నా వైపు తిరిగి, నిలబడ్డావేంటమ్మా, వెళ్లి ఏదో ఒకటి చెయ్యి, అన్నారు. అడుగు వేశాను. గుండు వెనక నుంచి, టీచర్ చేతులు, అని అరిచాడు. క్లాసు మొత్తం అందుకుంది.

కట్టుకున్నాను.

పెన్సిల్ కొత్త డ్రెస్సుతో ఎండలో బోర్లా పడుకుంది. లేవవే, బట్టలు మాసిపోతాయి, అని వాళ్ల నాయనమ్మ మొత్తుకుంది. వింటేగా. కొలిచింది. చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ కొలిచింది. లేచి నోట్‌బుక్ అట్ట చింపి, రోబో చుట్టూ నేలకి ఆనీ ఆనకుండా అంటించింది, గౌను తొడిగినట్టు. ఇక అడుగుకి ఎండ చొరబడలేదు. పదకొండు నిమిషాలు పట్టింది. ఈ ఉపాయం నాకు తట్టనేలేదు.

540తోనే చుట్టంతా తిరిగింది.

ఒకటి ఆగిందిగా, సోమవారం చెప్తాను, అన్నారు హెచ్.ఎం. మధ్యలో నాయనమ్మ దూరింది. ఆగితే ఆగింది, మా పిల్లే కదిలించుకుందిగా, ఇంకేం కావాలయ్యా మీకు, అంది. ఆయన వాచీ చూసుకున్నారు.

ఫిబ్రవరి 24

ఇంకో టర్మ్ ఇచ్చారు. ఆ తర్వాత చూద్దామట. చూద్దాం.

ఫిబ్రవరి 25

గుండు రోబో వెనక్కి నడుస్తోంది. తప్పెక్కడుందో గుమ్మంలోంచే కనపడింది నాకు. వాడికి ఇంకా కనపడలేదు. నా కుడి చెయ్యి ఎడమ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.