నాలుగు శాతం ఫైళ్లు

మార్చి 3, మంగళవారం

ఇంకొకటి పగిలింది. బస్సు డ్రైవర్ కింది దవడ పన్ను. ఎనిమిది నెలల క్రితం రూట్ కెనాల్ చేసింది నేనే. వేరు నిలువునా చీలింది, ఇక పీకేయడమే. ఏడాదిలో ఇది మూడోది. మా క్లినిక్ పెద్ద డాక్టర్ మామయ్యగారే. ఎక్స్‌రే చూసి, పళ్లన్నాక పగులుతాయమ్మా అన్నారు. ఏ విషయాన్నీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదాయన.

మార్చి 5

పాత ఎక్స్‌రేలు ముందేసుకుని కూర్చున్నాను. మూడింట్లోనూ వేరు లోపలి కాలువ పైభాగంలో మరీ వెడల్పు. కాలువను గీకే సూదిలాంటి ఫైళ్లలో నేనెప్పుడూ నాలుగు శాతం టేపర్‌దే, అంటే కొన నుంచి పైకి మెల్లగా లావెక్కేదే, అడుగుతాను. ఆరు శాతంది కొన దగ్గర అంతే సన్నం, పైకొచ్చేకొద్దీ తొందరగా లావెక్కి పన్నును లోపల్నుంచి ఎక్కువ తినేస్తుంది. నేను అంత చెక్కలేదు. మరి ఎవరు చెక్కినట్టు?

మార్చి 6, ఉదయం 8:10

అందరికంటే ముందొచ్చి ఫైళ్ల పెట్టె తెరిచాను. నాలుగు శాతం అరలో ఉన్నవాటి మీద సైజు చెప్పే గీతలు ఆటోక్లేవ్ ఆవిరిలో ఉడికి ఉడికి చెరిగిపోయాయి. మైక్రోమీటర్‌తో కొలిచాను. కొన నుంచి పది మిల్లీమీటర్ల పైన లావు 0.65 మిల్లీమీటర్లు ఉండాలి. 0.85 ఉంది. అంటే ఆరు శాతంవి.

పెట్టె సర్దేది సిస్టర్. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ క్లినిక్‌లో ఉంది. నన్నింకా చిన్న డాక్టరమ్మ అనే పిలుస్తుంది.

నా చేతికైనా తేడా తెలియలేదు. అదే ఎక్కువ మంట.

మార్చి 7

సిస్టర్ నవ్వితే కూడా అనుమానమే.

మార్చి 9, సాయంత్రం

ఉండబట్టలేక అడిగేశాను, పెట్టె ఎవరు ముట్టుకుంటున్నారని. నేనేనమ్మా, ఇంకెవరు అంది. చూపులు మాత్రం నేల మీదే. ఇక ఈమెను మాన్పించాల్సిందేనని మామయ్యగారి గదికి వెళ్లి చెప్పాను.

ఆమెను ఏమీ అనకు, మార్చింది నేనే అన్నారు.

సొరుగులోంచి ఎక్స్‌రేలు తీసి బల్ల మీద పరిచారు. ఏడు. అన్నీ నా కేసులే, రెండేళ్ల కిందటివి, మళ్లీ చీము పట్టి వచ్చినవి. కాలువ మరీ ఇరుకుగా వదిలేస్తున్నావు, కడిగే మందు అడుగుదాకా దిగడం లేదు అన్నారు. నేను సెలవులో ఉన్న రోజుల్లో ఒక్కొక్కరినీ పిలిపించి ఆయనే మళ్లీ చేశారట. చెబితే నా చెయ్యి బెదురుతుందని చెప్పకుండా ఫైళ్లు మార్చేశారట.

ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క నాతో అనడానికి నోరు రాలేదా అన్నాను. ఆయన ముందు గొంతెత్తడం ఇదే మొదలు. ఏడు చెడగొట్టింది నేను, మూడు పగలగొట్టింది ఆయన. నావే ఎక్కువని తోచి ఏడుపొచ్చింది.

మార్చి 10

సిస్టర్‌కి సారీ చెప్పాను. ఆమెకు మొదట్నుంచీ తెలుసట. మీరూ మీరూ ఒక టేబుల్ మీద తినేవాళ్లు, మధ్యలో నేనెందుకమ్మా నలగడం అంది. ఎవరి పంటికి చీము పట్టిందో, ఎవరిది పగిలిందో, అన్నీ ఆమెకు నోటికొచ్చు.

మార్చి 14

ఒప్పందం. పన్నును బట్టి టేపర్, ఏది వాడామో కార్డు మీద రాయాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి. పాత ఫైళ్లన్నీ పారేశాం. కొత్తవి రాగానే నేను కొలిచాను. నా తర్వాత ఆయనా కొలిచారు.

మార్చి 24

సిస్టర్ మూడు రోజులు రాలేదు. ఈరోజు వచ్చింది. పన్ను నొప్పి భరించలేక వీధి చివరి క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించుకుందట. ఏ టేపర్ వాడారని ఆయనా నేనూ ఒకేసారి అడిగాం.

అడగాలనిపించలేదంది.