ఆఖరు చూడని సినిమా

సుజాతా,

నిన్న కోరుట్లలో మ్యాట్నీకి వెళ్లి, క్లైమాక్స్‌కు ముందే లేచి వచ్చేశాను. నాకిది మొదటిసారి.

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ నెలలో మూడు సినిమాలు చూశాను. సిరిసిల్లలో చూసిన దయ్యం సినిమాలో భయం తక్కువ, చప్పుడు ఎక్కువ. కొట్లాటల సినిమాలో హీరో చొక్కా నలగనే లేదు. నువ్వుంటే ఇస్త్రీ చేసినవాడికి దండం పెట్టేదానివి. నిన్నటిది ముసలి దంపతుల కథ, డబ్బింగ్. బాగా తీశారు. ఆ ముసలామెకు నీలాగే దగ్గు మొదలవగానే చెప్పులు వెతుక్కున్నాను.

ఏ సినిమాకైనా ముందు నన్ను పంపేదానివి. తిరిగి రాగానే, "ఆఖరికి ఎవలన్న సస్తరా? సస్తే నేను రాను, ఇప్పుడే చెప్తున్న" అనేదానివి. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి.

పొద్దున జగిత్యాల నుంచి మన బిడ్డ ఫోన్ చేసింది.

"బాపూ, గా డబ్బింగ్ సినిమా చూసినవట. ఆఖరికి ఎవలన్న సస్తరా?"

"తెల్వదు బిడ్డా. ఆఖరుదాక ఉండలే."

"మనింటి సినిమా రిపోర్టర్‌వు, నువ్వే తెల్వదంటే ఎట్ల?" అని నవ్వింది. "సరే తియ్. ఇద్దరం కల్సి చూద్దాం."

టికెట్లు తనే తీసింది. ఆదివారం జగిత్యాలలో మ్యాట్నీ. ఆఖరుదాకా కూర్చుంటాం.