అరగంట ముందు మాత్ర

డిసెంబరు 2
మళ్ళీ మంట. గాసి కత్తి దిగినప్పుడు కూడా ఇంత మండలేదు... అప్పుడు చల్లగా ఉంది, నిజం. మిరియాల తీగ కోసం బావమరిది బావ పొట్ట కోస్తాడా — కోశాడు. మొదలు నా నేలలో, పాకింది వాడి చెట్టుకి. విశాఖలో నా చిన్నపేగు సగానికి పైగా తీసేశారు. తీగని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. బాగా కాసింది.

డిసెంబరు 5
విశాఖ వెళ్ళొచ్చాను. ఇంకా బరువు తగ్గాను. డాక్టరమ్మ కసిరింది.
నాకు అర్థమైనంత: తిన్న మాంసం పేగులో నలిగి నలిగి సన్నటి ముక్కలవ్వాలి — అమైనో ఆమ్లాలట. అప్పుడే పేగు గోడ వాటిని ఒంట్లోకి లాక్కుంటుంది. గోడ దగ్గర చిటికెడు పులుపు, అంటే ఆసిడ్, ఉంటే లాగడం తేలిక. చిటికెడే. నా పొట్టకి పేగు పొట్టిదైన కబురు అందినట్టు లేదు, మునుపటికంటే ఎక్కువ ఆసిడ్ పోస్తోంది. ఆ వరదలో అరిగించే రసాలు చచ్చిపోతాయి. తిన్నది తిన్నట్టే కిందికి, కాదంటే పైకి. అందుకే తిండికి అరగంట ముందు ఆసిడ్ తగ్గించే మాత్ర. మానితే ఒళ్ళు తనని తానే తినేస్తుందట.
"ఇంకా తగ్గితే నరానికి సూది గుచ్చి తిండి ఎక్కించాలి."
అందులో పంది కూర పడుతుందా అమ్మా — అన్నాను. నవ్వలేదు.

డిసెంబరు 9
ఊరి పెద్ద తీర్పు. గాసి పందినివ్వాలి, వాడూ నేనూ ఒకే అడ్డాకు విస్తట్లో తినాలి. తింటే తగువు చచ్చినట్టు. తినకపోతే... మా అన్న సోమన్న రోజూ గొడ్డలి నూరుతున్నాడు. అంత పదును చెట్లకి అక్కర్లేదు.
బుద్రి నా పెళ్ళాం, గాసికి అక్క. అంబలికి చోళ్ళు దంచుతోంది. రోట్లో నా తలో, తమ్ముడి తలో.

డిసెంబరు 13
పాడు చేశాను. నేనే.
గాసి ఇచ్చిన పంది కూర ఉడుకుతోంది. అరగంట ఉందనుకుని మాత్ర తీసి మింగాను. అందరి ముందూ.
"ఏటి మింగావ్ బావా?" గాసి లేచాడు.
"మంటకి రా."
"నానెట్టే కూడుకి ముందే ఇరుగుడా? ఇసం కలిపాననుకున్నావేటి?"
ఒకడు పెట్టే కూడుకి ముందు మందు మింగడమంటే వాడు విషం పెట్టాడని పదిమందిలో అనడమే. ఈ కొండల్లో పుట్టి ఆ సంగతి మరిచిపోయాను. ఆకలి.
కూర కుండని తన్నాడు. బుద్రి పాదం ఉడికిపోయింది. సోమన్న గొడ్డలి విసురు — గాసి చెవి సగం వేలాడింది. వాడు తిన్నగా నా పాత గాటు మీదే గుద్దాడు. గురి తప్పదు వెధవకి.
తర్వాత వాడి గొంతు మీద నా మోకాలు. నొక్కుతూ నవ్వుతున్నానట. బుద్రి చెప్పింది.

డిసెంబరు 14
నెత్తురు కక్కాను. కొంచెమే.

డిసెంబరు 17
పెద్దాయన వచ్చాడు. "ఆఖరుసారి. ఈపాలి పంది నీది. మందు ముట్టకూడదు. తెల్లారగట్ల నుంచీ గాసి నీ ఎదురుగా కూకుంటాడు."
"కక్కేస్తే?"
"కూడు నిలవకపోతే సుట్టరికం నిలుత్తాదేటి? ఆ తరవాత మీ అన్న గొడ్డలి, ఆడి కత్తి... నానడ్డు రాను."
మాత్ర లేకుండా నేను కక్కకుండా ఉన్న రోజు లేదు.

డిసెంబరు 19
బుద్రి, దగ్గరికి వచ్చి — "మాత్ర నూరి అంబలిలో కలిపేత్తాను మావా. ఆడికేటి తెలుత్తాది."
చేదుగా ఉంటుందే — అన్నాను.
"బేగి తాగెయ్."

డిసెంబరు 20
గాసి వచ్చాడు, చెవికి కట్టుతో. ఎదురుగా కూర్చున్నాడు. నా చేతులు మందు వైపు పోవడం లేదని వాడు చూడాలని రాస్తూ కూర్చున్నాను.
"ఏటి రాత్తన్నావు బావా?"
నీ అందం గురించిరా — అన్నాను.
నవ్వాడు! కట్టు మీద చెయ్యేసుకుని మరీ.
పంది అరుపు ఆగింది. బుద్రి కుంటుతూ అంబలి గిన్నె తెచ్చింది. నేను అందుకునే లోపే వాడు చెయ్యి చాపాడు.
"ఇలాగియ్యి అక్కా. ఎలాగూ ఒకే ఆకులో తింటాం కదేటి... ఇప్పట్నుంచే అలవాటు సేసుకుంటాం. ముందు నానో గుక్క, తరవాత బావ."
ఇన్నాళ్ళకి మంచిగా ఒక మాట.
గిన్నె వాడి చేతిలో ఉంది. బుద్రి నన్నే చూస్తోంది. చేదు తగిలిందా, వాడికది విషమే. నేను తల ఎత్తడం లేదు, రాస్తున్నాను.
వేడిగా ఉన్నట్టుంది — ఊదుతున్నాడు...