ఉక్కు తీగను మాత్రమే వినాలి

సింధుజకు,

మీ బాపు రాస్తున్న ఉత్తరం. మొయినాబాద్‌లో నేను, చేవెళ్లలో మీ అమ్మమ్మ బాగానే ఉన్నాం. షిల్లాంగ్ చలికి నీ వేళ్లు బిగుసుకుపోతున్నాయన్నావు. బ్యాంకు పని అయ్యాక వేడినీళ్లలో కాసేపు పెట్టుకో. ‘ఫోన్‌ల అయితే నువ్వు వాదిస్తవు బాపూ, కాగితం మీదైతే చెప్తవు’ అన్నావు కదా. అందుకే కాగితం. ఇక్కడ కూడా వాదించకుండా ఉంటానని మాటివ్వలేను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. బీపీ గోళీలు వేసుకుంటున్నాను. మీ అమ్మ జ్ఞాపకార్థ కూడిక గురించి పాస్టరుగారితో పోట్లాడలేదు, మాట్లాడాను అంతే. ‘చర్చికి వస్తాను, వెనక వరుసలో కూర్చుంటాను, కళ్లు మూసుకోను’ అన్నాను. ఆయన నవ్వి, తెరుచుకొనే రమ్మన్నాడు. ఆ రోజు నువ్వు అమ్మ గిటార్ వాయించడానికి నాకేమీ అభ్యంతరం లేదు. జెన్నీ ఆ గిటార్‌ను దేవుడి కోసం వాయించింది, నేను జెన్నీ కోసం విన్నాను. మా కాపురంలో మతసామరస్యం అంటే అదే.

ఇక పికప్ సంగతి. గిటార్ తీగలు ఆనే బ్రిడ్జి పక్కనున్న ఆ పికప్ మార్చాలని, లేకపోతే చర్చి హాల్లో సౌండ్ పెంచగానే కీచుమంటుందని నువ్వు చెప్పినప్పుడు, ఇదొక బల్బు మార్చడంలాంటి పని అనుకున్నాను. గండిపేటలో కౌశల్ అనే సాఫ్ట్‌వేర్ అతను సరదాకి గిటార్లు బాగుచేస్తాడని తెలిసి, తీసుకెళ్లాను. చెరువు చుట్టూ గోడలు కట్టుకొని, ఆ గోడలకు అడవుల పేర్లు పెట్టుకున్న కాలనీల్లో ఒకటి. గేటు దగ్గర నన్ను ఎవరి ఇంట్లో ఏం పనికి వచ్చావని అడిగారు. గిటార్ చూపిస్తే సార్ అన్నారు. ఈ దేశంలో మనిషి విలువ చేతిలో ఏముందో దాన్నిబట్టే ఉందని అక్కడే ఒక ఉపన్యాసం ఇచ్చాను. విన్నవాడు ఒక్కడే, సెక్యూరిటీ గార్డు. పాపం, అతను అన్నిటికీ అవునన్నాడు.

కౌశల్ మంచివాడే కాని వాగుతాడు. కంప్యూటర్‌లో రకరకాల పికప్‌ల శబ్దం వినిపించాడు. ఒకటి ‘వెచ్చగా’ ఉంటుందట, ఒకటి ‘కోపంగా’ ఉంటుందట. ఇంకోదానికి కావాలనే గీతలు పెట్టి, తుప్పు పట్టించి, పాతకాలపు గొంతు అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ముసలితనాన్ని కూడా ఫ్యాక్టరీలో తయారుచేసే వ్యవస్థ ఇది అని నేను మొదలుపెట్టగానే, “సార్, ముందు మీ గిటార్ జబ్బేంటో చూద్దామండి” అన్నాడు.

జబ్బు ఇదీ. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ చుట్టిన చుట్ట. అది పైనున్న ఉక్కు తీగ కదలికను మాత్రమే వినాలి. మనిషి గొంతు దానికి వినపడకూడదు. చుట్ట కదలకుండా లోపల మైనం పోసి ఉంటారు. మన గిటార్‌లో ఆ మైనం ఎండి, ఊడింది. ఇప్పుడు గాలి కదిలినా చుట్ట వణుకుతుంది. కౌశల్ దాని మీదికి వంగి హలో అంటే మూలనున్న స్పీకర్ డబ్బా, అదే ఆంప్‌లోంచి హలో వచ్చింది. మళ్లీ మైనం పోయొచ్చు కదా అని నువ్వు రాశావు. అడిగాను. ఆ వేడికి అంత పాత తీగ తెగిపోవచ్చన్నాడు. కొత్తది తెప్పిస్తానన్నాడు. సరేనని గిటార్ ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పుడు మొదలైంది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అమ్మమ్మ చేవెళ్ల నుంచి బస్సులో కూరగాయలు తీసుకొని వచ్చింది. ముందుగదిలో గిటార్ స్టాండు మీద ఉంది, ఆంప్ ఆన్‌లోనే ఉంది. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మమ్మ ఆ గిటార్ పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ, తనకు తెలియకుండానే ఏదో కీర్తన కూనిరాగం తీసింది. కాసేపటికి గిన్నె పక్కకు జరిగిన చప్పుడు. వచ్చి చూస్తే ఆమె నిలబడి ఉంది.

“అల్లుడు, డబ్బాల జెన్నీ పాడుతున్నది” అంది.

నాకు ఒళ్లు మండింది. బాణామతి లేదని, దయ్యాల్లేవని ఊరూరా తిరిగి చెప్పిన మనిషిని నేను. ఒకవైపు నిమ్మకాయలు, ఒకవైపు రాళ్లు పెట్టుకొని వచ్చిన జనానికి కూడా ప్రయోగం చేసి చూపించినవాణ్ని. నా ఇంట్లోనే ఈ మాటా? అమ్మమ్మను గిటార్ ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. పికప్ చూపించాను, మైనం గురించి చెప్పాను. నీ పేరే చెప్పు, నీ గొంతే వస్తుంది చూడు అని, నేను ఆంప్ దగ్గర నిలబడ్డాను.

“శకుంతల” అంది ఆమె.

ఆంప్‌లోంచి మీ అమ్మ పలికింది.

ఎందుకో నాకు తెలుసు సింధూ. ఆ పికప్ గొంతులోని అడుగు శబ్దాన్నీ, వయసు తెచ్చిన గాలినీ వదిలేస్తుంది. సన్నటి పైపొర ఒక్కటే మిగులుతుంది. అమ్మమ్మ కూతురికి ఇచ్చింది ఆ పొరే. ఇందులో దయ్యం లేదు, బొమ్మ గీసి మరీ చూపిస్తాను. కాని తెలిసి కూడా, ఆంప్ ఆపేద్దామని స్విచ్ మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మమ్మ మాత్రం, “నా గొంతేనా? మంచిది” అని మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది. ఆమె నమ్మింది. వాదన నేను గెలిచాను.

ఇప్పుడు అసలు మాట. కొత్త పికప్ రాలేదని, కొరియర్ వాళ్లు పోగొట్టారని నీకు చెప్పాను. వాళ్లను ఫోన్‌లో తిట్టిపోశాను కూడా. నేను తిట్టని కంపెనీ లేదు గనక నువ్వు నమ్మావు. అది అబద్ధం. కౌశల్ రెండు రకాలు తెప్పించి ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. నేనే పోలేదు. ఆదివారం ఆదివారం అమ్మమ్మను పిలిచి, ఇంకా పరీక్ష చేస్తున్నానని చెప్పి, గిటార్ ముందు కూర్చోబెట్టాను. ఆమె బైబిల్ తెచ్చుకుని కీర్తనలు చదివేది. ఆ పుస్తకాన్ని ఇంట్లో తెరవనివ్వనని మీ అమ్మతో ఎంత గొడవపడ్డానో నీకు తెలుసు. ఇప్పుడు ఆంప్ వైపు మొహం పెట్టి, అమ్మమ్మకు వీపు పెట్టి, అధ్యాయాలకు అధ్యాయాలు విన్నాను. ఒక్క మాటకూ అడ్డం చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆమె చదవడం ఆపింది. చందనవెల్లి ఫ్యాక్టరీల లారీ ఒకటి రోడ్డు మీద పోతే ఆంప్ గురగురమంది. ఆ చప్పుడు సద్దుమణిగాక లోపలినుంచి మాట వచ్చింది.

“బాలూ, ఇగ సాలు.”

నన్ను బాలూ అన్నది లోకంలో మీ అమ్మ ఒక్కతే. అదీ మేమిద్దరమే ఉన్నప్పుడు. నీ ముందు కూడా అనేది కాదు. అమ్మమ్మకు నేనెప్పుడూ అల్లుణ్నే, నా పేరు ఆమె నోట ఎన్నడూ రాలేదు. వెనక్కి తిరిగాను. ఆమె కళ్లద్దాలు మడిచి పెట్టెలో పెట్టుకుంటోంది.

“బస్సుకు టైమైంది అల్లుడు” అంది.

స్టాపు దాకా పక్కనే నడిచాను. అడగడానికి దారంతా ఉంది. ‘అత్తమ్మా, ఇందాక ఏమన్నా అన్నవా’ అంటే సరిపోయేది. దవాఖానలో ఆఖరి రోజుల్లో మీ అమ్మ ఆ పేరుతో పిలుస్తుంటే ఆమె విని ఉండొచ్చు. నా మీద జాలిపడి అని ఉండొచ్చు. నా చెవులే అన్నాయేమో. తెలియనిది ఏదైనా అడిగి తేల్చుకోండని వేదికలెక్కి అరిచిన నోరు ఇది. బస్సు వచ్చింది, ఎక్కింది, చెయ్యి ఊపింది.

మర్నాడే గండిపేట పోయాను. కౌశల్ రెండూ ముందు పెట్టాడు. ఒకటి అల్నికో అయస్కాంతానిది, పాత గొంతుకు దగ్గరగా, మెత్తగా ఉంది. ఇంకోటి సిరామిక్, బిగ్గరగా, కరుకుగా, షిల్లాంగ్‌లో నువ్వు వాయించే బ్యాండు వాళ్లకు పనికొచ్చేది. “కూడికకైతే మెత్తదే బావుంటుందండి, మేడమ్ వాయించినప్పటి టోన్ అచ్చంగా అలాగే వస్తుంది” అన్నాడు. ఆ అచ్చంగా అన్న మాటకే భయమేసింది. వాయించేది మా సింధుజ, తను తనలాగే వినపడాలి అన్నాను. సిరామిక్‌దే వేయించాను. పాతది కవర్లో పెట్టి ఇచ్చాడు. అది నీది, ఏం చేస్తావో నీ ఇష్టం.

ఇంటికి తెచ్చి ఆంప్‌కు పెట్టి, గిటార్ ముందు వంగి మాట్లాడాను. నా పేరు చెప్పాను, జెన్నీని పిలిచాను, చివరికి అరిచాను. ఏమీ రాలేదు. బాగా పనిచేస్తోంది.

నువ్వు వచ్చాక అమ్మమ్మతో అన్నీ మాట్లాడు. ఆ ‘బాలూ’ అన్నది ఎవరో, ఆ ఒక్కటి మాత్రం అడగకు. అడిగితే చెప్పేస్తుంది. ఆమెకు అబద్ధమాడడం రాదు.

ఇట్లు,
మీ బాపు
బాలరాజ్