ఈకల పరుపులో ఇరుసు

1858 మార్చి 28, ఆదివారం

ఈ రోజు చర్చి మీటింగులో బిషప్ గారు సాల్ట్ లేక్ పట్నం నుంచి వచ్చిన కబురు చెప్పారు. మా మతంవాళ్లను అణచడానికి ప్రభుత్వం పంపిన సైన్యం చలికాలమంతా కొండల అవతల కూర్చుంది కదా, మంచు కరగ్గానే దిగుతుందట. మనమంతా దక్షిణానికి, ప్రోవో వైపు వెళ్లిపోవాలి. వెళ్లే ముందు ఇళ్లలో గడ్డి నింపాలి. ఊరికి కొందరు మగవాళ్లు వెనక ఉంటారు. సైనికులు మన ఇళ్లలో కాపురం పెట్టబోతే వాళ్లు నిప్పంటిస్తారు.

ఎవరూ ఏడవలేదు. మాలో చాలామంది ఈ మతం కోసం ఇంతకుముందు ఇళ్లు వదిలినవాళ్లే.

ఎవరు ఉంటారని అడిగితే మా ఆయన ఒరిన్ లేచి నిలబడ్డారు. "పిండిమర నేను కట్టింది. తగలబెట్టాల్సొస్తే నేనే తగలబెడతా. ఇంకోడి చెయ్యి పడనివ్వను" అన్నారు.

నా పక్కన కూర్చున్న కెటూరా అక్క లేచి బయటికి వెళ్లిపోయింది.

కడుపులో బిడ్డ అప్పుడే తన్నింది. జూన్‌లో పుడుతుంది. ఎక్కడ పుడుతుందో ఇక తెలియదు.

మార్చి 30

కెటూరా అక్క ఒరిన్ మొదటి భార్య. నేను రెండోదాన్ని, డెన్మార్క్ నుంచి వచ్చినదాన్ని. పెళ్లయి ఏడాది. మా పద్ధతి ప్రకారం నా చేతిని ఆయన చేతిలో పెట్టింది ఆవిడే. ఆ రోజు నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడుతుంది. "ఉప్పు." "తలుపు వెయ్యి." "పాలు పొంగుతున్నాయ్." కోపం కాదు. కోపమైతే తిట్టేది, నేనూ ఏడ్చేదాన్ని, అయిపోయేది.

నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ నన్ను ఏమీ పిలవదు.

ఈ మర ఆవిడ కూడా కట్టింది. కాలువ తవ్వేటప్పుడు కూతురు అల్మీరా ఆవిడ వీపున ఉందట. మర రాళ్లకు గాట్లు పెడుతుంటే ఉలి నుంచి ఇనప రవ్వలు లేచి చేతుల్లో దిగి, నల్లటి చుక్కలుగా ఉండిపోతాయి. ఒరిన్ చేతుల నిండా ఆ చుక్కలే. ఆవిడ చేతుల నిండా కూడా.

నా చేతులు నున్నగా ఉన్నాయి. సిగ్గేసింది.

ఏప్రిల్ 8

ఊళ్లో ఉన్న గోధుమలన్నీ పిండి చేసుకుని వెళ్లాలని జనం వస్తూనే ఉన్నారు. మర ఆగడం లేదు. ఒరిన్ కనుబొమలు తెల్లబడి ముసలాయనలా ఉన్నారు. అల్మీరా "తాతయ్యా" అని పిలిచి పారిపోయింది. ఆయన నవ్వారు. ఈ వారంలో నవ్వడం అదొక్కసారే.

ఏప్రిల్ 12

ఆఖరి బస్తా అయిపోయింది. కప్పీ వేసి పై రాయిని లేపి పక్కకు దించారు. ఇరుసు ఊడదీశారు. పై రాయిని మోసి తిప్పేది ఆ ఇనప కడ్డీయే. మిస్సోరీ నది ఒడ్డు నుంచి ఎద్దుల బండిలో వచ్చింది. ఈ దేశంలో గుర్రపు నాడాకే ఇనుము దొరకదు, అలాంటిది మళ్లీ ఎక్కణ్నుంచి వస్తుంది? కానీ సైనికులకు ఏదీ పనికి రాకూడదని పెద్దల మాట. "చెరువులో పడేస్తా" అన్నారు ఒరిన్. అని దాన్ని చాలాసేపు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు.

ఏప్రిల్ 14

ఇంట్లో, మరలో గడ్డి నింపాం. నా మంచం కనిపించడం లేదు.

ఏప్రిల్ 15

బయల్దేరాం. బండిలో పిండి, విత్తనం, పరుపులు, వంట సామాను తప్ప ఏమీ పెట్టకూడదు. కెటూరా అక్క వాళ్ల అమ్మ ఇచ్చిన ఊగే కుర్చీని కూడా వదిలేసింది. బండి అంతా తనే సర్దింది, నన్ను దగ్గరికి రానివ్వలేదు. "కడుపుతో ఉన్నదానివి. కూర్చో." నాతో ఇంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు.

పొద్దున ఒరిన్ చెరువు గట్టున పెట్టిన ఇరుసును పడేద్దామని వెళ్లి తిరిగొచ్చారు. "ఇరుసు లేదు. మనవాళ్లెవరో నాకంటే ముందే పడేసినట్టున్నారు. మంచిదే, నా చేత్తో పడలేదు" అన్నారు.

అల్మీరాను ఎత్తుకున్నారు. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. తర్వాత వచ్చి అక్క ముందు నిలబడ్డారు. అక్కే అంది: "గడ్డి దగ్గర చుట్ట కాల్చకు." ఆయన చుట్ట మానేసి ఎన్నో ఏళ్లయింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఏప్రిల్ 19

వాన. దారి పొడుగునా బండ్లే. సాల్ట్ లేక్‌లో కిటికీలకు పలకలు కొట్టేశారు. వీధుల్లో కుక్కలు కూడా లేవు.

ఊరు దాటాక మా బండి చక్రం సగం దాకా బురదలో దిగబడింది. బరువు తగ్గిద్దామని అక్క ఎద్దుల దగ్గరున్నప్పుడు నేను ఈకల పరుపు లాగాను. రాలేదు. రాయిలా ఉంది. చెయ్యి లోపలికి పెట్టి చూస్తే చల్లగా తగిలింది.

మర ఇరుసు!

తల ఎత్తితే అక్క చూస్తోంది. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. "పెద్దలు వద్దన్నది తెచ్చాను. ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు నువ్వు కేకేస్తావా?" అంది.

నేను పరుపు మళ్లీ సర్ది పైన కూర్చున్నాను. "దేనికి కేక? నాకు నడుం నొప్పిగా ఉంది, పడుకుంటున్నా" అన్నాను.

అక్క ముఖం తుడుచుకుంది. "అయితే జాగ్రత్తగా పడుకో చెల్లీ. గుచ్చుకుంటుంది."

చెల్లీ అంది.

మే 2

ప్రోవో దగ్గర నది ఒడ్డున గుడిసె వేసుకున్నాం. బండి గూడు ఒక గది, ఒడ్డున పెరిగే విల్లో చెట్ల సన్నటి కర్రలతో అల్లినది ఇంకో గది. వాన పడితే రెండింటిలో ఏది తక్కువ కారుతుందో చూసుకుని అందులోకి పరిగెత్తుతాం. పక్క గుడిసెలో మా ఊరి సిస్టర్ ఫిలిండా; మా చర్చిలో అందరం సిస్టర్, బ్రదర్ అనే పిలుచుకుంటాం. నా పేరు సిడ్సెల్ అని ఎన్నిసార్లు చెప్పినా "సిస్టర్ సిజిల్" అంటుంది. నది చేపలు తిని తిని మొప్పలు మొలుస్తున్నాయని ఆవిడ గొడవ.

అక్క, నేను ఒకే పరుపు మీద పడుకుంటాం. ఇరుసు మధ్యలో. "మొగుడి కంటే నయం, గురక పెట్టదు" అంది అక్క. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను.

ఒరిన్ నుంచి కబురు లేదు.

మే 20

ఇక్కడి వాగు మీద బ్రదర్ గ్లెడ్‌హిల్ అనే ఆయన పిండిమర ఉంది. ఇన్ని వేలమంది వచ్చి పడ్డాక అది పగలనక రాత్రనక తిరుగుతోంది. నిన్న దాని ఇరుసు రెండుగా విరిగింది.

మే 22

పిండి తెచ్చుకున్నవాళ్ల పిండి అయిపోతోంది. గోధుమలు ఉన్నాయి, పట్టే దారి లేదు. ఉడకబెట్టి తింటున్నారు. పసిపిల్లలకు అరగడం లేదు, గుడిసె గుడిసెకూ ఏడుపులే. అక్క మా కాఫీ మిల్లు ఇచ్చింది. దాని ముందు ఆడవాళ్ల లైను.

బట్టలు ఉతికేటప్పుడు నేనే అన్నాను. "అక్కా, ఇచ్చేద్దాం."

"ఏది?"

"అది."

సబ్బు నీళ్లలో చెయ్యి ఆగింది. "నీకేం తెలుసు? నువ్వొచ్చేసరికే మర తిరుగుతోంది. మా అమ్మ ఇల్లు మిస్సోరీలో పోయింది. నా మొదటి ఇల్లు నావూ ఊళ్లో, మమ్మల్ని తరిమేస్తే వదిలేశా. ఈసారి ఒక్క ముక్క పట్టుకుని వచ్చా. ఒకే ఒక్క ముక్క. అదీ ఇచ్చెయ్యమంటావా?"

దుప్పటి ఒక చివర నేను, ఇంకో చివర ఆవిడ పట్టుకుని పిండాం. చాలా గట్టిగా పిండింది.

మే 23, ఆదివారం

అక్క నాతో మాట్లాడలేదు. మీటింగులో ఫిలిండా చిన్న కొడుకు అక్క ఒళ్లోనే నిద్రపోయాడు. వాడికి జ్వరం. మీటింగు అయ్యేదాకా అక్క వాణ్ని దించలేదు.

మే 24

పొద్దున్నే లేపింది. "సిడ్సెల్, ఆ చివర పట్టు."

నా పేరు సరిగ్గా పలికింది. ఎప్పుడు నేర్చుకుందో!

బ్రదర్ గ్లెడ్‌హిల్ ఇరుసు చూసి టోపీ తీశాడు. దేవుడే పంపాడన్నాడు. "దేవుడు కాదు, ఈకల పరుపు" అంది అక్క. కమ్మరి కొలిచి చూశాడు. కింది మొన లావుగా ఉంది, కాల్చి సాగగొట్టాలి.

గ్లెడ్‌హిల్ మంచివాడు, ముందే చెప్పాడు. "సిస్టర్, ఒకసారి సుత్తి పడితే ఇది మళ్లీ మీ మరకు సరిపోదు."

"మా మర ఈపాటికి బూడిదై ఉంటుంది. బూడిదకు ఇరుసెందుకు? కొట్టండి."

మొదటి దెబ్బ పడేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రానికి మర తిరిగింది. చప్పుడు వినగానే ఒడ్డున ఉన్న జనం కేకలు పెట్టారు. గ్లెడ్‌హిల్ ఇచ్చిన మొదటి పిండిని అక్క ఫిలిండాకు ఇచ్చేసింది.

ఇంటికొచ్చి పరుపు మీద పడి ఏడ్చింది. నేను పక్కన పడుకున్నాను. పరుపు మెత్తగా ఉంది.

జూన్ 9

ఆడపిల్ల. మా అమ్మ పేరు పెట్టాను, మారెన్. అక్క చేతుల్లోకి పుట్టింది.

జూన్ 29

సైన్యం సాల్ట్ లేక్ గుండా నడిచి వెళ్లిపోయిందట. ఎవరి ఇల్లూ ముట్టుకోలేదట. ఇక్కడ అందరూ పాడుతున్నారు. ఉత్తరాన పొగ కనిపించిందని ఒకడు, లేదని ఇంకొకడు. మా ఊరి సంగతి ఎవరికీ తెలియదు.

జూలై 4

ఒరిన్ వచ్చారు!

గుర్రం దిగకుండానే అరిచారు, "మర బతికే ఉంది! ఒక్క దుంగ కూడా కాలలేదు!" అక్క వెళ్లి గుర్రం కళ్లెం పట్టుకుంది. ఆయన దిగి ఆవిడ తల నిమిరి, నా దగ్గరకొచ్చి మారెన్‌ను తీసుకున్నారు. పట్టుకోవడం మరిచిపోయినట్టు, బస్తాలా పట్టుకున్నారు.

తర్వాత అన్నారు, "ఒక్కటే బాధ. ఆ ఇరుసు చెరువులో ఎటు పడేశారో గానీ, వారం నుంచి మునిగి వెతుకుతున్నా. బురద తప్ప ఏం దొరకలేదు. ముక్కులోంచి ఇంకా వస్తోంది."

అక్క, నేను ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం. ముందు అక్కకే నవ్వొచ్చింది. తర్వాత నాకు. ఆగలేదు. ఆయన పిచ్చివాళ్లను చూసినట్టు చూశారు. చివరికి అక్క అంతా చెప్పింది.

ఆయన లేచి గ్లెడ్‌హిల్ మరకు నడిచారు. చాలాసేపటికి వచ్చారు. మోకాళ్ల దాకా పిండి.

"బాగా తిరుగుతోంది. తిరిగి ఇమ్మనడానికి నోరు రాలేదు" అన్నారు. పిండి దులుపుకుంటూ, "నాకు చెప్పుండాల్సింది కెటూరా."

"చెబితే వద్దనేవాడివి."

"అనేవాణ్నే" అని ఒప్పుకున్నారు. "తర్వాత నీ పరుపు నేనే కుట్టేవాణ్ని."

గ్లెడ్‌హిల్ తన విరిగిన ఇరుసు ముక్కలు రెండూ మా బండిలో పెట్టాడు. వాటితో మాకు కొత్త ఇరుసు చెయ్యాలంటే ఇంకా సగం ఇనుము కావాలట.

జూలై 13

ఇల్లు. మర తలుపు గడ్డి ఒత్తిడికి తెరుచుకోలేదు. ముగ్గురం లాగాం. లోపల పచ్చగా ఉంది. కప్పు కారి గడ్డి తడిసింది, అందులో మిగిలిన గింజలన్నీ మొలిచాయి. మర అంతా మోకాలెత్తు పాలిపోయిన మొలకలు, వెలుతురు వైపు వంగి. అల్మీరా వాటిలో పరిగెత్తింది. ఎవరూ వద్దనలేదు.

ఆయన నీళ్లు పెట్టిన పొలం అయితే బంగారంలా ఉంది. ఇంత పంట నేను చూడలేదు. పట్టడానికి మరకు ఇరుసు లేదు.

జూలై 18, ఆదివారం

మీటింగులో ఒరిన్ లేచి ఇనుము అడిగారు. సిగ్గుపడుతూ, టోపీ నలుపుతూ. బిషప్ గారు పెద్దల మాట దాటడం గురించి ఏదో అనబోయారు. ఫిలిండా ఆయన్ని ఆపింది. "ప్రోవోలో నా బిడ్డ రొట్టె తిన్నది ఎవరి ఇనుముతో? ఇంట్లో ఏ ఇనుముందో చూసుకుని తెండి, ఉపన్యాసం తర్వాత వినొచ్చు!" బిషప్ గారు కూర్చున్నారు.

జూలై 21

వాకిట్లో ఇనుము కుప్ప. బండి చక్రాల పట్టీలు, విరిగిన నాగలి కర్రులు, నాడాలు, తలుపు బందులు, సగం గొలుసు. ఫిలిండా తన పొయ్యి ఊచ తెచ్చింది. బిషప్ గారు తన గోడ గడియారంలో వేలాడే ఇనప గుండు తెచ్చి, "టైము ఎండను చూసి చెప్పుకుంటా" అన్నారు.

జూలై 27

కమ్మరి రెండుసార్లు అతికిస్తే రెండుసార్లూ పగిలింది. ఒరిన్ తల పట్టుకున్నారు. అక్క కొలిమి తిత్తి దగ్గర నన్ను నిలబెట్టి, తను సమ్మెట అందుకుంది. "మళ్లీ కాల్చండి" అంది.

మూడోసారి నిలిచింది. వంకరగా, గాట్లు గాట్లుగా ఉంది. నిప్పురవ్వ ఒకటి నా మణికట్టు మీద పడింది. మచ్చ పడేట్టుంది.

ఆగస్టు 5

నీళ్లు వదిలాం. చక్రం కదిలింది. రాయి ఒక్కసారి మూలిగింది, అంతే, తిరిగింది. కెటూరా అక్క తూము కింద చెయ్యి పెట్టి పిండి పట్టి, వేళ్ల మధ్య నలిపి, నా అరచేతిలో పోసింది. వెచ్చగా ఉంది.

"గరుగ్గా ఉందా?" అని అడిగింది.

నన్ను అడిగింది. నేను కొంచెం నలిపి చూసి, కొంచెం గరుకే అన్నాను. ఒరిన్‌తో రాయి కాస్త దించమని చెప్పింది.

సెప్టెంబర్ 21

కాలువ శుభ్రం చేస్తున్నాం, మర ఆగి ఉంది. ఎగువ ఊరి నుంచి ఒక ముసలమ్మ గోధుమలు తెచ్చింది. పోయిన మొగుడి గొడ్డలి ఇరుసుకు ఇచ్చిందట. మాకు గుర్తు లేదు, ఎందరో ఇచ్చారు. రాయి కిందికి వంగి చూసి, "ఇందులో మాది ఎక్కడ?" అని అడిగింది.

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఇనుము మీద ఒకచోట పెట్టింది.

"ఇక్కడ."

ముసలమ్మ చాలాసేపు అక్కడే చెయ్యి పెట్టుకుని నిలబడింది. మేం నీళ్లు వదల్లేదు.