నీ కోసం ప్రార్థన

మరిదికి, నీ వదిన రాస్తున్నది.

మీ అన్న హద్దురాయి జరిపాడని నువ్వు కోర్టులో బైబిలు ముట్టుకుని అబద్ధం చెప్పావు. ఆయన దొంగ అన్న పేరుతోనే పోయారు.

"మరిదిని క్షమించావా అమ్మా?" అని మొన్న పాస్టరుగారు అడిగారు. "రోజూ అతని కోసం ప్రార్థిస్తున్నానండి" అన్నాను. విశ్వాసమంటే ఇదీ అని సంఘమంతటికీ చెప్పారు.

నేను అబద్ధమాడలేదు. రోజూ పొయ్యి వెలిగించకముందే మోకరించి, నువ్వు నరకానికి పోకూడదని అడుగుతున్నాను. అక్కడంతా నీలాంటివాళ్ళే, నీకు సిగ్గనిపించదు. నువ్వు పరలోకానికే రావాలి. అక్కడ మీ అన్న నిన్ను ఒక్క మాటా అనరు. చిన్నప్పటిలాగే పక్కకు జరిగి నీకు చోటిస్తారు. యుగయుగాలు నువ్వు ఆ చోటులోనే కూర్చోవాలి.

ఆదివారం మానకుండా చర్చికి రా.